విద్యుత్ పొయ్యికి తీగ ఎంత, బ్రేకరు ఎంత?

భూపాలపల్లి గనులలో త్రవ్వితీసిన బొగ్గు సమీపముననే యున్న చెల్పూరు చేరి, కాకతీయ తాప విద్యుత్కేంద్రములో మండి, నీటిని ఆవిరిగా మార్చి, ఆ ఆవిరి బలముతో చక్రములను త్రిప్పి విద్యుచ్ఛక్తి యగుచున్నది. అచట 500 మెగావాట్ల మొదటి యంత్రము 2010లోను, 600 మెగావాట్ల రెండవ యంత్రము 2016లోను ఉత్పత్తికి వచ్చినవి. ఏ కేంద్రపు విద్యుత్తు ఏ యింటికి చేరినదో విడదీసి చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు గాని, జనగామలో ఒక వంటయింట పొయ్యిమీద అన్నము ఉడుకుచున్నదన్న, అందులో ఈ బొగ్గుకు కొంత పాలు ఉన్నదని చెప్పుకొనవచ్చును. అంత దూరము పెద్ద స్తంభముల మీదుగా నిరపాయముగా వచ్చిన శక్తి తుదకు మీటరు నుండి వంటయింటి వరకు గల అరువది అడుగులలో మనకు చిక్కు తెచ్చిపెట్టుచున్నది. ఆ అరువది అడుగులను గూర్చియే ఈ ప్రసంగము.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో విద్యుత్ పొయ్యి నేడు విలాసవస్తువు కాదు. గ్యాసు సిలిండరు అయిపోయిన రోజున అక్కరకు వచ్చునని ఒకరు, పాలు కాచుటకును చంటిబిడ్డకు నీళ్ళు కాచుటకును సులువని మరియొకరు ఇండక్షన్ పొయ్యిని కొని తెచ్చుకొనుచున్నారు. తెచ్చిన పొయ్యిని మిక్సీ పెట్టు ప్లగ్గులోనే పెట్టుచున్నారు. రెండు మూడు దినములు బాగుగనే జరుగును. ఒక ఉదయము స్నానమునకు గీజరు వేసి యుండగా, ఇస్త్రీపెట్టెయు వేడెక్కుచుండగా, పొయ్యికూడ వెలిగింతురు. బ్రేకరు టక్కున పడిపోవును. మరల ఎత్తుదురు, మరల పడును. నాలుగు దినములు ఈ యవస్థ పడిన పిమ్మట పిలువబడిన మెకానిక్కు పలుకు మాట ఒకటి కలదు. మేము దానిని పలుచోట్ల, పలుమారులు వినియున్నాము. "పదహారుది ఆగుతలేదమ్మా, ముప్పై రెండుది ఏస్త, ఇగ పడది."

అతడు చెప్పినట్లే జరుగును. ఇక పడదు. ఇంటివారు సంతోషింతురు. కాని పడకపోవుటయే ఇచట అపాయము.

బ్రేకరు కాపాడునది పొయ్యిని కాదు, గోడలోని తీగను. ఈ ఒక్క సంగతి మనస్సున నిలిచినచో తక్కిన లెక్కలన్నియు వాటంతట అవే కుదురుకొనును. పొయ్యి చెడిపోయిన కొత్తది కొనవచ్చును. గోడలో, పైకప్పు క్రింద, గొట్టములో దాగియున్న తీగ కాలినచో అది కాలుచున్నట్లు కూడ మనకు తెలియదు. కావున బ్రేకరును పొయ్యిని చూచి ఎన్నుకొనుట కాదు, తీగను చూచి ఎన్నుకొనవలెను. పొయ్యి కోరు విద్యుత్ ప్రవాహము కంటె బ్రేకరు కొంచెము పెద్దదిగా ఉండవలెను; బ్రేకరు కంటె తీగ మోయగల ప్రవాహము మరికొంచెము పెద్దదిగా ఉండవలెను. పొయ్యి, బ్రేకరు, తీగ - ఈ మూడింటిలో తీగయే మిక్కిలి బలమైనదిగా ఉండవలెనన్నమాట. మెకానిక్కు ముప్పదిరెండు ఆంపియర్ల బ్రేకరు వేసి, సన్ననితీగను అట్లే ఉంచినప్పుడు ఈ వరుస తలక్రిందులైనది. అప్పుడు మూడింటిలో బలహీనమైనది తీగయే యగును. ఏదో ఒకటి తెగవలసి వచ్చినచో బలహీనమైనదియే గదా తెగునది!

పొయ్యి ఎంత ప్రవాహమును కోరునో తెలిసికొనుట కష్టము కాదు. పొయ్యి అడుగున అతికించిన పట్టీమీద వాట్లు వ్రాసియుండును. మన యిండ్లకు వచ్చు విద్యుత్తు ఒంటి ఫేజునకు 230 వోల్టులు. వాట్లను 230 చేత భాగించినచో ఆంపియర్లు వచ్చును. 1000 వాట్ల తీగచుట్ట పొయ్యికి 4.3 ఆంపియర్లు. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యికి 8.7. రెండు కళ్ళు గల 3500 వాట్ల పొయ్యికి 15.2. నాలుగు కళ్ళతో వంటగట్టులో అమర్చు 7000 వాట్ల పెద్ద పొయ్యికి 30.4. మిక్సీ పెట్టు చిన్న సాకెట్టు 6 ఆంపియర్లకు చేసినది. దానిలో 8.7 ఆంపియర్ల పొయ్యిని నడుపుట ఆరుగురు కూర్చుండు బండిలో తొమ్మండుగురిని ఎక్కించుట వంటిది. బండి వెంటనే విరిగిపోదు. ఆ ధైర్యముతోనే మనము రోజును ఎక్కించుచుందుము.

ఇక తీగ సంగతి. తీగ ఎంత మంచి రాగిదైనను కొంత నిరోధము చూపక మానదు. ప్రవాహము ఆ నిరోధమును దాటి పోవునప్పుడు వేడి పుట్టును. ఆ వేడి ప్రవాహముతో సమానముగా పెరుగక దాని వర్గముతో పెరుగునని జేమ్స్ జౌల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1841లో ప్రకటించెను. అనగా ప్రవాహము రెట్టింపైన వేడి నాలుగు రెట్లు. మూడు రెట్లయిన తొమ్మిది రెట్లు. పొయ్యిలో మనకు అన్నము వండిపెట్టు ధర్మమే గోడలోని తీగలో మనకు కీడు చేయు ధర్మమును. రెండింటికిని భేదము లేదు. ఒకటి మనము కోరినచోట పుట్టిన వేడి, రెండవది కోరనిచోట పుట్టినది.

ఇంటి తీగలపై నుండు మామూలు పి.వి.సి. తొడుగు 70 డిగ్రీల సెంటిగ్రేడు వేడిని నిత్యము ఓర్చుకొనునట్లు చేయబడినది. అంతకు మించి వేడెక్కినచో తొడుగు మెత్తబడి, ఏండ్లు గడచినకొలది పెళుసెక్కి, పగుళ్ళు వారును. ఇచట మన ప్రాంతమునకు ప్రత్యేకముగా చెప్పవలసిన సంగతి యొకటి యున్నది. ఎన్ని చదరపు మిల్లీమీటర్ల తీగ ఎన్ని ఆంపియర్లు మోయగలదో తెలుపు అంతర్జాతీయ పట్టికలు చుట్టునున్న గాలి 30 డిగ్రీలుండునని అనుకొని వ్రాసినవి. మన జిల్లాలలో వైశాఖ జ్యేష్ఠములలో గాలియే 45 డిగ్రీలను తాకుట అరుదు కాదు. 30 నుండి 70 వరకు 40 డిగ్రీల ఎడము ఉండవలసినచోట 25 మాత్రమే మిగులును. అందుచేత 45 డిగ్రీల యెండలో తీగ మోయగల ప్రవాహమును నూటికి 79 వంతులుగా లెక్కింపవలెనని ఆ పట్టికలే చెప్పుచున్నవి.

గోడలో గొట్టము గుండ పోవు రాగితీగలకు ఈ లెక్క వేసి చూతము. 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ 30 డిగ్రీలలో 17.5 ఆంపియర్లు మోయును. మన వేసవిలో 13.8 మాత్రమే. 2.5 తీగ 24 నుండి 19కి దిగును. 4 తీగ 32 నుండి 25కు, 6 తీగ 41 నుండి 32కు దిగును. 1 చదరపు మిల్లీమీటరు తీగ, సాధారణముగా దీపములకు పంకాలకు వేయునది, 13.5 నుండి 10.7కు దిగును. అదే గొట్టములో మరికొన్ని భారపు తీగలు కూడ పోవుచున్నచో, ఒకదాని వేడి మరియొకదానికి తగిలి ఈ సంఖ్యలు ఇంకను తగ్గును. స్లాబు క్రింద ఎండ సూటిగా తగులు గొట్టము మాట చెప్పనక్కరలేదు.

ఈ సంఖ్యలతో మన మెకానిక్కు చేసిన పనిని మరల చూడుడు. పొయ్యికి 8.7, గీజరుకు 8.7, ఇస్త్రీపెట్టెకు 4.3, మొత్తము 21.7 ఆంపియర్లు ఒకే సన్నని తీగ గుండ పోవుచున్నవి. ఆ తీగ మోయగలది 10.7. రెట్టింపు భారము, అనగా నాలుగు రెట్ల వేడి. పదహారు ఆంపియర్ల బ్రేకరు ఇది చూచి కొంతసేపటికి పడుచుండెను. నిజమునకు ఆ తీగకు పదహారును ఎక్కువే. పది ఆంపియర్లది ఉండవలసినది. దాని స్థానమున ముప్పదిరెండు వచ్చినది. దానికి 21.7 ఒక లెక్కలోనిది కాదు.

బ్రేకరు పనిచేయు తీరును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. జర్మనీలోని మాన్‌హైము నగరమున హ్యూగో స్టోట్జ్ 1924లో దీనికి పేటెంటు పొందెను. దానిలో రెండు కావలివాండ్రు గలరు. ఒకడు నిదానస్థుడు: రెండు లోహములను అతికి చేసిన పట్టీ. ప్రవాహము కొంచెము ఎక్కువైనచో ఆ పట్టీ వేడెక్కి మెల్లగా వంగి మీటను వదలించును. రెండవవాడు తొందరవాడు: చిన్న తీగచుట్ట. ఫేజు, న్యూట్రలు ఒకదానినొకటి తాకి ప్రవాహము ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగినప్పుడు అది అయస్కాంతమై రెప్పపాటులో మీటను లాగివేయును. నిదానస్థుని నిదానము ఎంతటిదో తెలిసికొనుట మంచిది. ప్రమాణముల ప్రకారము బ్రేకరుపై వ్రాసిన సంఖ్యకు 1.13 రెట్ల ప్రవాహము గంటసేపు పోయినను అది పడరాదు, 1.45 రెట్లు పోయినప్పుడు మాత్రము గంటలోపల పడితీరవలెను. కావున పదహారు అని వ్రాసినది పదునెనిమిదింటిని గంటసేపు పోనిచ్చును. ముప్పదిరెండుది ముప్పదియారింటిని పోనిచ్చును. పదహారు అనగా పదహారు దాటిన క్షణమున పడునని అనుకొనువారు చాలమంది కలరు. ఆ భ్రమ విడువవలెను. బ్రేకరు పడినదన్న చాలినంత ఓపికపట్టిన పిమ్మటనే పడినదని అర్థము. ఈ పట్టీయును 30 డిగ్రీలకు సరిచూచినదే కనుక వేసవిలో కొంచెము ముందుగా పడుట కద్దు. ఈ కారణము చేతనే 8.7 ఆంపియర్ల పొయ్యికి పది ఆంపియర్ల బ్రేకరు కాగితముమీద చాలునని తోచినను, పదహారుదానిని వేసి 2.5 తీగను లాగుట మేలు. బ్రేకరుపై బి, సి అను అక్షరములు కనబడును. అవి తొందరవాని తొందరను తెలుపునవి. పొయ్యికి రెండింటిలో ఏదైనను సరిపడును.

ఇప్పుడు మూడు ఇండ్లను ఊహించుకొందము.

మొదటిది జనగామలో పాత పెంకుటిల్లు. చెక్కపట్టీలమీద మేకులతో బిగించిన తీగలు, నల్లని గుండ్రని స్విచ్చులు, మీటరు ప్రక్కన పింగాణీ ఫ్యూజు. ఈ యింటిలో మొదట తెలిసికొనవలసినది గోడలపై నున్న తీగ ఎంత లావుది, ఏ లోహముది యనునది. పాత తీగలకు చదరపు మిల్లీమీటర్ల లెక్క లేదు, గేజి లెక్క. అంగళ్ళలో నేటికిని "మూడు ఇరవై", "ఏడు ఇరవై" అను మాటలు వినవచ్చును. 3/20 అనగా ఇరువదవ గేజి పోగులు మూడు కలిపిన తీగ; రమారమి 2 చదరపు మిల్లీమీటర్లు. 7/20 అనగా అట్టివి ఏడు, 4.6. 1/18 అనగా పదునెనిమిదవ గేజిది ఒక్కటే పోగు, 1.2కు లోపు. పాత యింటిలో పొయ్యి కొరకు 3/20 ఉన్నదన్న అది నేటి 2.5 తీగకు సమానమని అనుకొనరాదు. పైగా ఆ నాటి ఇండ్ల తీగలు కొన్ని అల్యూమినియమువి. తొడుగును కొంచెము గీచిన తెల్లగా కనబడును. 2.5 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియము తీగ మోయునది 1.5 రాగితీగ మోయుదానికంటె అత్యల్పముగా మాత్రమే ఎక్కువ. అదియును గాక అల్యూమినియము మరకొయ్య క్రింద నలిగి వదులగును. రాగితో ముడివేసినచోట చెమ్మ తగిలినచో తినివేయబడును. అట్టి తీగమీద విద్యుత్ పొయ్యిని పెట్టరాదని మేము నిక్కచ్చిగా చెప్పుదుము.

ఆ యింటి పింగాణీ ఫ్యూజు సంగతి మరియును ఆలోచింపదగినది. ఫ్యూజు అనగా బుద్ధిపూర్వకముగా బలహీనముగా ఉంచిన చోటు. కళాయి పూసిన రాగిపోగు 0.2 మిల్లీమీటర్ల మందము గలది 5 ఆంపియర్లకు, అర మిల్లీమీటరుది 15 ఆంపియర్లకు, 0.85 మిల్లీమీటర్లది 30 ఆంపియర్లకు. రాత్రిపూట ఫ్యూజు పోయినప్పుడు ఫ్యూజుపోగు ఎక్కడ దొరకును? ఇంటిలో పడియున్న వైరుముక్కను చీల్చి నాలుగు పోగులు తీసి మెలిపెట్టుదురు. మరల పోయినచో పది పోగులు. మామూలు వైరులోని పోగు పావు మిల్లీమీటరు మందముది. అట్టివి నాలుగు కలిపినచో అర మిల్లీమీటరు పోగునకు సమానము. అనగా 15 ఆంపియర్లు. పది కలిపినచో 25 నుండి 30 ఆంపియర్ల ఫ్యూజు తయారైనది. ముప్పదిరెండు ఆంపియర్ల బ్రేకరు వేసిన మెకానిక్కు చేసిన పనియు, పది పోగులు మెలిపెట్టిన గృహస్థు చేసిన పనియు ఒక్కటే. ఈతడు చీకటిలో చేసెను. ఆతడు వెలుతురులో చేసి కూలి తీసికొనెను.

ఈ యింటికి మార్గమేమి? ఇల్లంతయు తీగలు మార్చుటకు ఇప్పట్టున శక్తి లేకపోవచ్చును. అప్పుడు తక్కిన తీగలను కదలింపక, మీటరు ప్రక్కన చిన్న పెట్టెలో పదహారు ఆంపియర్ల బ్రేకరు నొకదానిని క్రొత్తగా పెట్టి, అచట నుండి వంటయింటికి 2.5 రాగితీగలు మూడు, అనగా ఫేజు, న్యూట్రలు, ఎర్తు, వేరుగా లాగించి, పదహారు ఆంపియర్ల పెద్ద సాకెట్టు నొకదానిని బిగింపవచ్చును. ఆ సాకెట్టునకు పొయ్యి తప్ప మరేదియు పెట్టరాదు. న్యూట్రలు తీగను ఫేజు తీగకంటె సన్ననిదిగా వేయుదురు కొందరు. వెళ్ళిన ప్రవాహమంతయు తిరిగి రావలసినది ఆ తీగ వెంటనే గదా, మిగులుబాటు అచట చూడరాదు. మీటరు నుండి వంటయిల్లు 20 మీటర్లున్నదనుకొందము. 2000 వాట్ల పొయ్యి వెలుగునప్పుడు 1 చదరపు మిల్లీమీటరు తీగ జతలో 59 వాట్లు వృథాగా వేడియై పోవును. అరువది వాట్ల పాత బల్బు నొకదానిని గోడలోపల పొడవునా పరచి వెలిగించినట్లు. 2.5 తీగలో ఆ నష్టము 24 వాట్లు మాత్రమే. సన్నతీగలో 6.8 వోల్టులు దారిలో పోవును, లావుతీగలో 2.8.

రెండవది మహబూబాబాద్‌లో క్రొత్తగా కట్టుచున్న డాబా యిల్లు. గోడలకు ఇంకను పూత పడలేదు. ఈ గృహస్థు అదృష్టవంతుడు. గొట్టములు పూడ్చకముందే ఆలోచించుకొనుటకు అవకాశమున్నది. ఇప్పుడు ఒక కన్ను పొయ్యి చాలుననుకొన్నను, పదేండ్లకు రెండు కళ్ళది రావచ్చును. 3500 వాట్ల పొయ్యికి 15.2 ఆంపియర్లు కావలెను. పదహారు ఆంపియర్ల సాకెట్టు అంచున నిలుచును. దానికి 20 ఆంపియర్ల బ్రేకరు, 4 తీగ తగినవి. 20 ఆంపియర్ల బ్రేకరుకు 2.5 తీగ చాలదా యని అడుగవచ్చును. 30 డిగ్రీల దేశములో చాలును. మన వేసవిలో ఆ తీగ మోయగలది 19. బ్రేకరు కంటె తీగ ఒక మెట్టు దిగినది. కావున 4 తీగనే ఇప్పుడు లాగించి, ప్రస్తుతము పదహారు బ్రేకరును, పెద్ద సాకెట్టును పెట్టుకొన్నచో రేపు గోడ పగులగొట్టు పని లేదు. నాలుగు కళ్ళ పెద్ద పొయ్యిని కోరువారు 32 ఆంపియర్ల బ్రేకరు, కనీసము 6 తీగ వేసి, ప్లగ్గుతో పని లేకుండ నేరుగా రెండు ధ్రువముల స్విచ్చికి కలిపించుకొనవలెను. గొట్టము ఎండ తగులు స్లాబులో పోవుచున్నచో 10 తీగను వేయుట వివేకము. తీగ కొనునప్పుడు దానిపై ఐ.ఎస్. 694 అను ప్రమాణసంఖ్యయు, చదరపు మిల్లీమీటర్లును అచ్చువేసి యున్నవేమో చూడుడు. సిమెంటు మూటకు, టైల్సుకు పది అంగళ్ళు తిరుగువారు తీగకు వచ్చుసరికి మేస్త్రీ తెచ్చినదే చాలునందురు. ఇది మాకు ఎప్పటికిని అర్థము కాని విషయము.

ఇచట ఒక చిన్న ముచ్చట. ఈ జిల్లాల పిల్లలు చాలమంది అమెరికాలో ఉన్నారు. తల్లిదండ్రులు ఫోనులో అడిగినప్పుడు వారు "మా యింట్లో పొయ్యికి యాభై ఆంపియర్ల బ్రేకరు ఉన్నది" అని చెప్పుట కద్దు. వారు చెప్పినది అబద్ధము కాదు. అచట పొయ్యి అనగా నాలుగు కళ్ళును, క్రింద రొట్టెలు కాల్చు పెట్టెయు కలిసినది. పదివేల వాట్లు, అంతకు పైబడియు కోరును. దానికి 240 వోల్టులు తెచ్చి, రమారమి 13 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ వేయుదురు. ఆ తీగకు ఆ బ్రేకరు. మన తీగకు ఆ బ్రేకరు పెట్టినచో అది ఉండియు లేనట్లే.

మూడవ యిల్లు భూపాలపల్లిలో అద్దెకున్న కుటుంబముది. గోడ పగులగొట్టుటకు ఇంటి యజమాని ఒప్పుకొనడు. ఏడాదికో రెండేండ్లకో ఇల్లు మారవలసియుండును. వీరు తీగను మార్చలేరు కనుక పొయ్యినే తగ్గించుకొనవలెను. ఇండక్షన్ పొయ్యిలో వాట్లను మీటలతో తగ్గింపవచ్చును. 1200 వాట్ల వద్ద నడిపినచో 5.2 ఆంపియర్లు, 6 ఆంపియర్ల సాకెట్టుకు లోపలనే. అన్నము పది నిమిషములు ఆలస్యముగా ఉడుకును, అంతియే. గీజరుకు ఇదివరకే పెద్ద సాకెట్టు వేసియున్నచో ఆ తీగ వెంట పొయ్యిని నడుపవచ్చును, రెండింటిని ఒకేసారి వేయకుండినచో. పొడిగింపు బోర్డులు మాత్రము వలదు. వాటిలోని తీగ చాల సన్ననిది. చుట్టగా చుట్టి మంచము క్రింద త్రోసినచో వేడి బయటికి పోవు దారి కూడ ఉండదు.

ఇంతవరకు బ్రేకరును కొంత పొగడితిమి. ఇప్పుడు దానికి కనబడని అపాయమును చెప్పవలెను. తీగ సరియైనదే, బ్రేకరు సరియైనదే. కాని సాకెట్టులో ప్లగ్గు వదులుగా ఉన్నది, లేక మరకొయ్య బిగియలేదు. ఆ వదులుచోట అర ఓము నిరోధము పుట్టినదనుకొనుడు. 8.7 ఆంపియర్లు దాని గుండ పోవునప్పుడు పుట్టు వేడి 38 వాట్లు. రేడియో బాగుచేయువాడు సీసము కరిగించుటకు వాడు సోల్డరింగు కడ్డీకి ఇంచుమించు అంతే వేడి. ఆ కడ్డీని సాకెట్టులో గ్రుచ్చి వదలిపెట్టినట్లున్నది. అయినను ప్రవాహము పెరుగలేదు, పైగా రవంత తగ్గినది. బ్రేకరుకు ఏమియు తెలియదు, పడదు. మన యిండ్లలో నల్లబడిన సాకెట్టులు, గోధుమరంగు తిరిగిన ప్లగ్గులు, చేపలు కాలినట్టి వాసన, ఇవన్నియు ఈ వదులు వలననే. వాసన వచ్చినచో పొయ్యిని ఆర్పి, మెయిన్ దించి, సాకెట్టును మార్పించుటయే. అగరువత్తి వెలిగించి లాభము లేదు.

రేడియో ఉన్న యిండ్లకు ఒక అదనపు సౌకర్యము కలదు. మీడియం వేవ్ మీద స్టేషను పెట్టి పొయ్యిని వెలిగించుడు. ఇండక్షన్ పొయ్యి స్వభావముచేతనే కొంత జుమ్మను మోత ఒకే తీరుగా వినిపించును. దానికి వెరవనక్కరలేదు, రేడియోను దూరముగా జరిపిన తగ్గును. అట్లు కాక, ఉండియుండి కరకర చిటచిట మని తీరు తెన్ను లేని చప్పుడు వచ్చుచు, ప్లగ్గును కదల్చినప్పుడు అది హెచ్చుచు తగ్గుచు ఉన్నచో, ఎక్కడనో నిప్పురవ్వలు లేచుచున్నవని గ్రహింపవలెను. ఆ చప్పుడు మా స్టేషను దోషమని కొందరు భావింతురు. దోషము వారి సాకెట్టులో ఉండవచ్చును.

మనిషి ప్రాణము సంగతియు తీగ బ్రేకరు చూడదు. పదహారు ఆంపియర్లను ఆపు యంత్రమునకు, మనిషి గుండెను ఆపగల ప్రవాహము అందులో అయిదువందలవ వంతు కూడ లెక్కకు రాదు. తీగచుట్ట బయటికి కనబడు చవుకరకపు పొయ్యిలో గంజి పొంగి చుట్టమీద పడినప్పుడు, ఇనుపగరిటె జారి తగిలినప్పుడు పాత్రకే విద్యుత్తు ఎక్కవచ్చును. దానికి మంచి ఎర్తు ఉండవలెను. 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. అను పరికరము ఉండవలెను. వెళ్ళిన ప్రవాహము, తిరిగివచ్చిన ప్రవాహము సమానముగా లేనిచో అది క్షణములో విద్యుత్తును ఆపివేయును. మూడుకాళ్ళ ప్లగ్గులో లావుకాలు ఎర్తుది. సాకెట్టులో పట్టుటలేదని దానిని కోసివేయు వారిని చూచినచో మాకు ఒడలు జలదరించును.

సాయంకాలము వోల్టేజి పడిపోవు ఊళ్ళవారు మరియొకటి గమనింపవలెను. 190 వోల్టులు వచ్చునప్పుడు 2000 వాట్ల తీగచుట్ట పొయ్యి 1365 వాట్ల పనియే చేయును. అన్నము ఆలస్యమగును గాని తీగకు భారము పెరుగదు. ఇండక్షన్ పొయ్యిలలో కొన్ని అట్లు కావు. తగ్గిన వోల్టేజిని ఎక్కువ ప్రవాహముతో పూడ్చుకొని 2000 వాట్లను నిలుపుకొనుటకు చూచి, 10.5 ఆంపియర్ల వరకు లాగును. పైన చెప్పిన 2.5 తీగ, పదహారు బ్రేకరు దీనికి చాలును. సన్నతీగకు ఇది తుది గడ్డిపరక.

తుదకు మీటరు అవతలి మాట. ఈ మూడు జిల్లాలకు విద్యుత్తు నందించునది హనుమకొండ కేంద్రముగా గల ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ. కనెక్షను తీసికొన్ననాడు ఇన్ని కిలోవాట్లని ఒప్పుకొన్న భారము మన బిల్లులో అచ్చువేసి యుండును. ఒక కిలోవాటు ఒప్పుకొని రెండు కిలోవాట్ల పొయ్యిని పెట్టినప్పుడు, స్తంభమునుండి మీటరునకు వచ్చు తీగయును, వీధిలోని ట్రాన్స్‌ఫార్మరును మనము చెప్పని భారమును మోయుచుండును. దగ్గరి సెక్షను కార్యాలయములో దరఖాస్తు పెట్టి ఆ భారమును పెంచుకొనవలెను. 2000 వాట్ల పొయ్యి నిండు బలముతో గంటసేపు వెలిగినచో రెండు యూనిట్లు. దినమునకు గంటన్నర చొప్పున నెలకు తొంబది. నెలకు 200 యూనిట్ల వరకు వాడు అర్హ గృహములకు ఉచితముగా విద్యుత్తు నిచ్చు గృహజ్యోతి పథకమును తెలంగాణ ప్రభుత్వము 2024లో ప్రారంభించెను. అందులో చేరినవారు ఈ తొంబదిని ముందే లెక్కవేసికొనుట మంచిది.

క్రొత్త తీగ లాగించి, బ్రేకరు పెట్టించి, సాకెట్టు బిగించిన దినమున పని ముగిసినదని మెకానిక్కును వెంటనే పంపివేయకుడు. పొయ్యిమీద ఒక పెద్ద గిన్నెడు నీళ్ళు పెట్టి, నిండు బలముతో అరగంట వెలిగింపుడు. పిమ్మట స్విచ్చి ఆర్పి, ప్లగ్గును ఊడదీసి, దాని పైభాగమును, సాకెట్టు ముఖమును చేతితో తాకి చూడుడు. గోరువెచ్చగా ఉన్న దోషము లేదు. చేయి నిలువనంత వేడిగా ఉన్నచో మెకానిక్కు ఇంకను గుమ్మము దాటియుండడు గనుక, లోనికి పిలిచి మరలను బిగింపుమనుడు.